ఏడు ఊపిరుల మౌనం

హిన్నెర్క్‌ను మట్టిచేసి పద్దెనిమిది రోజులైంది. ఆదివారం మధ్యాహ్నం ఆటకు టిక్కెట్లన్నీ అయిపోయాయి. ఫ్రీడెల్ వెస్లింగ్ రంగస్థలమెక్కి నలభై ఏళ్లయిన సందర్భం అది. ఆట ఆపేద్దామని దర్శకుడు క్లాసెన్ రెండుసార్లు అడిగాడు.

"ఆపితే నేను ఇంట్లో కూర్చుని ఏం చేయాలి? ఆయన చొక్కాలు మడత పెట్టుకోనా?" అంది ఫ్రీడెల్.

ముప్పై ఏళ్లుగా ఆమె మాట మరిస్తే అందిస్తూ ప్రాంప్టింగ్ చెప్పింది ఆమె భర్త హిన్నెర్కే. వేదిక అంచున నేలలోకి దిగిన చిన్న గూట్లో, ప్రేక్షకులకు కనబడకుండా కూర్చునేవాడు. ఇప్పుడా గూట్లోకి ఫ్రీడెల్ అక్క అగాతె దిగింది. ముప్పై ఎనిమిదేళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి, స్పష్టంగా చదువుతుంది. అంతకు మించి ఆమెకు నాటకాల సంగతి తెలియదు.

తెలుసుకోవాలని అనుకోలేదు కూడా. ఆల్టోనా రేవుపేటలో చేపలు పొగబెట్టి అమ్మే ఇంట్లో పుట్టారిద్దరూ. ఆరేళ్ల ఫ్రీడెల్ ఒకరోజు మలుగు చేపల పళ్లెంతో సంతలో బోర్లా పడింది. సంతంతా నవ్వింది. మరునాడు అదే చోట కావాలని పడింది. అప్పటి నుంచి పడుతూనే ఉంది. పనిమనిషి, వంటమనిషి, పొరుగింటి గయ్యాళి, ఎప్పుడూ అవే వేషాలు. యుద్ధం ముగిసిన చలికాలంలో జనం టిక్కెట్టుకు బదులు హాలు పొయ్యికని తలా ఒక బొగ్గు ఇటుక పట్టుకొచ్చి, కోట్లు విప్పకుండా కూర్చుని ఆమెను చూసి నవ్వారు. ఆ ఏడాదే ప్రధానోపాధ్యాయుడు అగాతెను అడిగాడు: "ఆ కోతివేషాల ఆవిడ మీకేమైనా అవుతుందా?"

"దూరపు చుట్టం" అంది అగాతె. ఆ మాట చెల్లెలికి ఎన్నడూ చెప్పలేదు.

రిహార్సల్‌లో అగాతె ఒక తప్పు చేసింది. రెండో అంకంలో యజమాని విగ్గు చేపల సూప్ గిన్నెలో పడుతుంది. "సూప్ ఎలా ఉంది?" అని యజమానురాలు అడుగుతుంది. పనిమనిషి వేషంలో ఫ్రీడెల్ గిన్నెలోకి చూస్తుంది, యజమాని బట్టతల చూస్తుంది, మాట్లాడదు. పిల్లవాడు పాఠం మధ్యలో ఆగిపోతే మొదటి మాట అందించడం అగాతెకు అలవాటు. గూట్లోంచి గట్టిగా అందించింది: "చేపను సరిగ్గా..."

ఫ్రీడెల్ గిన్నె దించింది.

"అక్కా! నేను మరిచిపోలేదే. ఆగాను. అక్కడే కదా వాళ్లు నవ్వేది! నువ్వు నా నవ్వును గొంతు పిసికి చంపేశావు."

"నువ్వు ఆగావో మరిచావో నాకెలా తెలుస్తుంది?"

"హిన్నెర్క్‌కు తెలిసేది."

ఆ సాయంత్రం అగాతె ప్రాంప్టింగ్ పుస్తకం తెరిచి మరిదిగారి పెన్సిల్ రాతలు వరసగా చదివింది. ప్రతి మౌనం పక్కనా ఒక అంకె ఉంది, ఎన్ని ఊపిర్ల సేపు ఆగాలో. సూప్ గిన్నె దగ్గర ఇలా ఉంది: "ఏడు. హిన్నెర్క్, నోరు మూసుకో."

ఆదివారం తెర లేవకముందు, ఆట బాగా సాగాలని నాటకాలవాళ్ల ఆచారం ప్రకారం ఫ్రీడెల్ తన అక్క ఎడమ భుజం మీదుగా మూడుసార్లు ఉత్తుత్తిగా ఉమ్మింది.

"థాంక్స్" అంది అగాతె, బడి అలవాటు కొద్దీ.

తెర లాగే మనిషి నెత్తి పట్టుకున్నాడు. "అయ్యో టీచరమ్మా! దానికి థాంక్స్ చెప్పకూడదండీ! చెబితే ఆట చెడుతుంది."

"చెడనీ. మా అక్క మర్యాద మాత్రం చెడదు" అంది ఫ్రీడెల్. కానీ నవ్వలేదు.

రెండో అంకం. సూప్ గిన్నె వచ్చింది. "సూప్ ఎలా ఉంది?" ఫ్రీడెల్ గిన్నెలోకి చూసింది, బట్టతల చూసింది, ఆగింది. అగాతె లెక్కపెట్టింది. ఐదు. ఆరు. ఏడు.

ఎనిమిది.

ఫ్రీడెల్ కళ్లు గూటి వైపు దిగాయి. హాలు బిగుసుకుపోయింది. అగాతె నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. ఇస్తే చెల్లెలి నలభయ్యేళ్ల పండుగ గూట్లోంచి వచ్చిన ముసలి గొంతుతో ముగుస్తుంది. ఇవ్వకపోతే, ఆమె నిజంగా మరిచిపోయి ఉంటే, ఆరు వందల మంది ముందు నిలువునా మునిగిపోతుంది.

తొమ్మిది. అగాతె పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. తలెత్తి చెల్లెలి వైపే చూసింది.

పది. ఫ్రీడెల్ పెదవి మూల కదిలింది. బాల్కనీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వరస అందుకుంది, కింది వరసలు అందుకున్నాయి. ఆ నవ్వు అలలా లేస్తుండగా ఫ్రీడెల్ తీరిగ్గా మూత పెట్టి అంది:

"చేపను సరిగ్గా గీకలేదమ్మగారూ."

ఆ తరువాత చాలాసేపు ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. మొదటి వరసలోని ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ గూటి వైపు వంగింది. "ఈమె మీకేమవుతారండీ?"

"నా సొంత చెల్లెలు" అంది అగాతె. గూట్లో కూర్చున్నవాళ్లు మాట్లాడవలసినదానికన్నా చాలా గట్టిగానే అంది.

ఆట అయ్యాక మేకప్ గదిలో ఫ్రీడెల్ టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

"మరిచిపోయానే అక్కా. ఆయనే ఉన్నాడనుకుని కిందికి చూశాను. చూస్తే నువ్వు."

"మరి?"

"పుస్తకం మూసేశావు. మా అక్క మూసేసిందంటే నాకు వచ్చే ఉంటుందిలే అనుకున్నాను. వచ్చేసింది."

అగాతె పుస్తకం తెరిచి, హిన్నెర్క్ పెన్సిల్‌తోనే, సూప్ గిన్నె దగ్గర అతని రాత కింద రాసింది: "పది. అగాతె, నువ్వు కూడా."