తెలుపు మీద తెల్ల గీత

నేను ఒక టైలు ముక్కని. అంతకంటే గొప్పగా చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. స్నానాల గది గోడకు అతికించే తెల్ల టైలు ఉంటుంది చూడండి, దాని మూల ముక్కని. ముందు వైపు నున్నగా మెరుస్తాను, వెనక వైపు గరుకుగా ఉంటాను. మనుషులు నా మెరుపు చూసి నన్ను కొన్నారు, కాస్త వంకరగా తెగేసరికి బయట పారేశారు. నాకు అన్నం పెట్టింది మాత్రం ఆ గరుకు వైపే. టైలు ముక్కకు అన్నమేమిటని నవ్వకండి. పనిలేని వస్తువుకు, పనిలో ఉన్న వస్తువుకు తేడా ఏమిటో రెండూ అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

పుట్టింది గుజరాత్‌లో ఒక కార్ఖానాలో. మెత్తటి మట్టిని అచ్చులో పోసి యంత్రం ఒక్క నొక్కు నొక్కింది, కొలిమిలో ఎర్రగా కాల్చారు, ముందు వైపు గాజు పూత పూశారు. వెనక ఎవరూ ఏమీ పుయ్యలేదు, గోడకేసి కనపడకుండా పోయేదే కదా అని. అప్పట్లో నాకూ అది సబబుగానే తోచింది. లారీలో ఊగుతూ పత్తికొండ చేరాను. అక్కడి దుకాణంలో ఉలిగమ్మ అనే ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుని, నా మెరుపులో తన ముక్కుపుడక కనపడగానే మురిసిపోయి బేరం ఖాయం చేసింది. మేస్త్రీ గోడంతా అతికించి, కొళాయి దగ్గర నన్ను కోస్తూ చెయ్యి జారాడు. నా తోటివాళ్లు గోడెక్కారు, నేను పెరట్లో ఇసుక కుప్ప ఎక్కాను. వాళ్లను చూసి చాలా కాలం కుళ్లుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ మేస్త్రీ చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

నన్ను ఏరుకున్నవాడు మద్దిలేటి. ఉలిగమ్మ చెల్లెలు సుంకులమ్మ మొగుడు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. ఆ అక్కాచెల్లెళ్లు ఒకే ఊళ్లో, పక్క పక్క వీధుల్లో ఉంటూ ఏళ్ల తరబడి మాట్లాడుకోవడం లేదు. చెల్లెలు పెట్టిన ఊరగాయ అక్క ఇంటికీ, అక్క పొలంలో కొర్రలు చెల్లెలి ఇంటికీ చేరవేసేది ఈయనే. ఇచ్చే ఆవిడ "నేనిచ్చినానని చెప్పొద్దు" అనేది, పుచ్చుకునే ఆవిడ "ఎవరిచ్చినారో నాకు చెప్పొద్దు" అనేది. ఊరగాయ మాత్రం రెండిళ్లలోనూ చక్కగా ఖర్చయ్యేది. అలా ఒకసారి డబ్బా ఇచ్చి పోతూ పోతూ ఇసుక కుప్ప మీద నన్ను చూశాడు. నా మెరుపును ఒక్కసారైనా చూడకుండా తిరగేసి, వెనక వైపు బొటనవేలితో రుద్ది, "దొరికినావు గదరా!" అన్నాడు. నా జన్మలో నన్ను చూసి అంత సంతోషపడ్డ మనిషి లేడు.

మద్దిలేటికి రాళ్ల పిచ్చి కొత్తగా పట్టింది. ఆయన బస్సు జొన్నగిరి, తుగ్గలి మీదుగా తిరిగేది. తొలకరి పడగానే ఆ చేలల్లో వజ్రాలు తేలతాయని ఎక్కడెక్కడి జనమో వచ్చి దిగేవారు. పిల్లాపాపలతో, సద్దిమూటలతో, వంచిన తల ఎత్తకుండా చాళ్ల వెంట నడిచేవారు. ఉద్యోగమంతా వాళ్లకు టికెట్లు కొట్టడంతోనే సరిపోయింది. రిటైరయ్యాక తనూ టికెట్టు కొనుక్కుని దిగాడు. వజ్రం దొరకలేదు. కానీ పక్కవాళ్లు వజ్రం కాదని విసిరేసినవన్నీ కంటికి అందంగా తోచి సంచిలో వేసుకున్నాడు. ఇంటికొచ్చాక వాటి పేర్లు తెలుసుకోవాలని పుట్టింది కోరిక. భూతద్దం కొన్నాడు, అయస్కాంతం కొన్నాడు, ఒక పుస్తకం తెప్పించుకున్నాడు, ఫోనులో వీడియోలు చూశాడు. రాయి పైరంగు నమ్మకూడదట. గరుకు టైలు మీద గీస్తే రాలే పొడి ఉంటుందే, అదే రాయి అసలు రంగట.

మొదట నా మీద గీసింది ఒక నల్లరాయి. బరువుగా, ఉక్కులా మెరుస్తోంది. గీయగానే నా ఒంటి మీద ఎర్రటి గీత, కుంకుమ దిద్దినట్టు.

"ఏమే సుంకూ, ఇట్ల రా! నల్లరాయి ఎర్రగా గీసింది!"

"గీస్తే గీసిందిలే. ఈ ఎర్రగడ్డలు తరిగేదెవరు?" అంది వంటింట్లోంచి సుంకులమ్మ.

అది హెమటైట్ అని పుస్తకంలో దొరికింది. బంగారంలా ధగధగలాడే ఇంకో రాయి వచ్చి నా మీద ముదురాకుపచ్చ నలుపు గీసి, పైరైటుగా బయటపడి పరువు పోగొట్టుకుంది. పలుగురాయి అయితే పొడే రాల్చలేదు. నాకంటే గట్టిది కాబట్టి నన్నే చీరేసి పోయింది, ఆ గాటు ఇప్పటికీ ఉంది. ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా ఉన్న సున్నపురాయిని చూసి ఎవరో శిల్పి చెక్కాడనుకుని నాలుగు రోజులు ఊరంతా చూపించాడు. అది శిలాజమనీ, ఎప్పుడో ఇక్కడ సముద్రం ఉన్నప్పుడు కంటికి కనపడని జీవాలు కట్టుకున్న పొరలనీ పుస్తకంలో చదివి, "మన ఊర్లో సముద్రమా!" అని పూటంతా ఆ రాయిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తప్పులు బోలెడు చేసేవాడు. అయితే ప్రతి రాయినీ బస్సెక్కిన ముసలమ్మను పలకరించినట్టు "యాడెక్కినావు నాయనా?" అని అడిగేవాడు. అలాంటి మనిషి చేతిలో అరిగిపోవడం నాకు ఇష్టంగానే ఉండేది.

ఇక అక్కాచెల్లెళ్ల తగవు సంగతి. వాళ్ల చిన్నప్పుడే నాయన ఈరన్నకు పొలంలో తొలకరి తర్వాత ఒక రాయి దొరికింది. వెలక్కాయంత ఉంటుంది, నీళ్లలా తేట, ఏటవాలుగా వొరిగిన పెట్టెలా పలకలు. వజ్రమని ఆయన నమ్మకం. వ్యాపారికి చూపిస్తే మోసం చేస్తాడని ఒక భయం, నిజం చెప్పేస్తాడని ఇంకో భయం. చూపించకుండానే దాచుకున్నాడు. పోయే ముందు పక్కనున్న చిన్నకూతురి చేతిలో పెట్టి కన్నుమూశాడు. పెద్దకూతురు వచ్చేసరికి అంతా అయిపోయింది. "నాయన ఇద్దరికీ ఇచ్చినాడు, నువ్వొక్కదానివే దాచుకున్నావు" అని ఉలిగమ్మ. "నా చేతిలో పెట్టినాడు, కానీ నీది కాదని నేనెప్పుడన్నా?" అని సుంకులమ్మ. వజ్రాన్ని రెండు చెయ్యలేరు. అమ్మడానికి ఇద్దరికీ మనసొప్పదు. అలా మాటలు ఆగిపోయాయి.

రాళ్ల పరీక్షలు ముదిరాక ఒకనాడు సుంకులమ్మే పెట్టె అడుగు నుంచి గుడ్డమూట తెచ్చి మొగుడి ముందు పెట్టింది. "ఇది కూడా చూడప్పా. ఏదో ఒకటి తేలిపోనీ."

మద్దిలేటి ఒళ్లు జాగ్రత్తగా పెట్టుకుని ఆ రాయిని నా మీద గీశాడు. నాకు వెంటనే అర్థమైంది. మెత్తటి రాయి, నా మీద పొడి రాల్చింది. కానీ ఆ పొడి తెలుపు, నేనూ తెలుపే. ఆయన కళ్లు చికిలించి చూశాడు, గీత కనపడలేదు. గీత పడలేదంటే నాకంటే గట్టిదన్నమాట, గట్టిదంటే మామగారు చెప్పిందే నిజమన్నమాట. వేలితో ఒక్కసారి తడిమి ఉంటే పొడి అంటేది. నాకు గాటు పడిందో లేదో చూసినా సరిపోయేది. కొత్త సంబరంలో ఉన్నవాడికి అవన్నీ గుర్తుంటాయా? "వజ్రమే సుంకూ! వజ్రమే!" అని ఎగిరి గంతేశాడు. నోరు లేనందుకు నేను ఏడ్చింది ఆ ఒక్కరోజే.

కండక్టరు గొంతు కదా, దాగదు. పైగా వదిన కూడా సంతోషిస్తుందనుకుని నన్ను చొక్కా జేబులో వేసుకుని తిన్నగా ఉలిగమ్మ ఇంటికే వెళ్లి చెప్పాడు. ఆవిడ మొహం నల్లబడింది. "అట్లయితే నా భాగం తేల్చండి. ఆదివారం నేనే వస్తాండా. ఊరగాయలు మోసి నన్ను మాయ చేసింది సాలు" అంది. ఆయన తల దించుకుని ఇంటికొచ్చాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

ఆదివారం పొద్దున సుంకులమ్మ వంటింట్లో హడావిడి మొదలుపెట్టింది. తగవుకొస్తున్న అక్కకు ఇష్టమని ఉగ్గాని కోసం బొరుగులు నానబెట్టింది, బజ్జీలకు మిరపకాయలు చీల్చింది. మనుషుల కోపం లెక్క నాకు ఎప్పటికీ అంతుబట్టదు. తర్వాత, అక్క కళ్లముందు నాయన రాయి తళతళలాడాలని, పండక్కి ఇత్తడి చెంబులు తోమే పద్ధతిలో దాన్ని గిన్నెడు చిక్కటి చింతపండు నీళ్లలో వేసింది. పక్కనే గట్టు మీద నేనున్నాను. రాయి చుట్టూ సన్నటి బుడగలు లేవడం మొదలైంది. సుంకులమ్మ పొయ్యి వైపు తిరిగి ఉంది.

తీసేసరికి రాయి సున్నం పూసినట్టు తెల్లబారిపోయింది. తేటదనం మచ్చుకైనా లేదు. ఆమె కంగారుపడి పీచుతో తోమింది, ఇంకా గరుకైంది. "అయ్యో నాయనా" అని అక్కడే కూలబడింది. అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

ఎన్నో ఏళ్ల తర్వాత చెల్లెలి గడప దాటిన ఉలిగమ్మ కూర్చోనైనా కూర్చోలేదు. "యాడుంది?" అంది. సుంకులమ్మ రాయిని చూపించింది.

ఉలిగమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదా? నాయన నాకు చూపించిన రాయి ఇదా?" అంది. "మార్చేసినావు గదే! వజ్రమని తెలిసేసరికి రాయినే మార్చేసినావు!"

"లేదక్కా. నాయన మీద ఒట్టు. తళతళలాడాలని చింతపండులో ఏసినా. ఇట్లయిపాయ."

"వజ్రం చింతపండుకు కరుగుతాదా? ఎవరికి చెప్తావే?"

సుంకులమ్మ ఏడ్చేసింది. రాయి పోయిందని కాదు ఆమె ఏడుపు. దొంగ అనిపించుకున్నానని, అదీ తోడబుట్టినదాని చేత.

మద్దిలేటి మాత్రం గిన్నెలోకి చూస్తున్నాడు. అడుగున రాలిన పొడి నుంచి ఇంకా ఒకటీ అరా బుడగ లేస్తోంది. నన్ను అందుకుని రాయిని మళ్లీ గీశాడు. ఈసారి వేలితో తడిమాడు. వేలికి తెల్లపొడి అంటింది. అమ్మయ్య, అనుకున్నాను.

"వదినా, తప్పు నాది. ఇది వజ్రం కాదు. కాల్సైట్ అంటారు, సున్నపురాయి జాతి. తెల్ల టైలు మీద తెల్లపొడి నాకు కనపడలా. పులుపు తగిలితే దీని పైపొర తినేస్తాది. సుంకు మార్చలేదు."

"మొన్న వజ్రమంటివి, ఈపొద్దు సున్నమంటివి. నీ మాట ఎట్ల నమ్మేదప్పా?"

ఆయన రాయి వాలును వేలితో తడిమాడు. "కాల్సైటే అయితే దీన్ని వాలు చూసి కొడితే అదే వాలుకు చీలతాది. పులుపు లోపలికి పోయుండదు. లోపల నాయన చూపించినట్టే ఉంటాది. కానీ కొట్టాల. నేను కొత్తోణ్ణి, సరిగా చీలుతాదని మాటివ్వలేను."

నాయన మిగిల్చి పోయింది అదొక్కటే. ముక్కలైతే ఇక ఏమీ లేదు.

"కొట్టు," అంది సుంకులమ్మ కళ్లు తుడుచుకుని. "పొడైనా పరవాలేదు. నేను మార్చలేదని మా అక్కకు తెలిస్తే సాలు."

ఉలిగమ్మ రాయిని తనే తీసి గోనెపట్టా మీద పెట్టింది. మద్దిలేటి పాత చాకు అంచును రాయి వాలు గీతకు ఆనించి, చిన్న సుత్తితో మెల్లగా తట్టాడు. ఏమీ కాలేదు. ఇంకొంచెం గట్టిగా తట్టాడు. టిక్కుమని రాయి రెండైంది.

చీలిన చోట పలక నీళ్లలా తేటగా, కిటికీ వెలుగు మొత్తం లోపలికి పట్టేంత తేటగా మెరిసింది. రెండు ముక్కలూ అచ్చం మొదటి రాయిలాగే, ఏటవాలుగా వొరిగిన పెట్టెలే. ఏది పెద్దదో చెప్పలేనట్టు ఉన్నాయి.

ఉలిగమ్మ ఒక ముక్కను వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది. "ఇదే," అంది. "నాయన నన్ను ఎత్తుకుని దీపం ముందర పట్టి చూపించినాడు. ఇట్లనే ఉన్నింది." అంతవరకు ఆపుకున్నదంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది. చెల్లెలి భుజం మీద తల పెట్టి, "నేను రాకముందే పాయ గదే నాయన" అని ఏడ్చింది. ఆవిడ కోపం రాయి మీద కానే కాదని ఆ ఇంట్లో అందరికీ అప్పుడు తెలిసింది, ఆవిడకు కూడా.

నేను కృతజ్ఞతలు చెప్పుకోవలసినవాళ్లు చాలామంది ఉన్నారు. చెయ్యి జారిన మేస్త్రీ, నన్ను పారేసిన ఉలిగమ్మ, తిరగేసి చూసిన మద్దిలేటి, నన్ను చీరిన పలుగురాయి కూడా. అందరికంటే ఎక్కువ ఆ మెత్తటి రాయికి. గొప్ప రాళ్లు నా మీద చాలా గీతలు గీశాయి, వాటిని చూసి మనుషులు కేకలేశారు. ఈ రాయి గీసిన గీత ఎవరికీ కనపడలేదు. అయినా నా ఒంటి మీద పడ్డ ఇంకే గీతా అంతటి మేలు చెయ్యలేదు.

ఉగ్గాని చల్లారిపోయింది. అలాగే తిన్నారు. సాయంత్రం ఉలిగమ్మ తన ముక్కను కొంగున ముడేసుకుని లేచింది. మద్దిలేటి ఇంకా మొహం చెల్లనట్టు నిలబడి, "వజ్రం కాకపాయ వదినా" అన్నాడు.

ఉలిగమ్మ గడప దగ్గర ఆగింది. "పోనీలేప్పా. వజ్రమే అయ్యుంటే పగలగొట్టుకునేవాళ్లమా? మేమిద్దరం సచ్చేదాకా అట్లనే ఉండిపోదుము."

చెప్పులేసుకోబోయి, వాటిని అక్కడే వదిలేసి, మళ్లీ లోపలికొచ్చి చెల్లెలి పక్కన కూర్చుంది.