పదకొండో అంశం

మా చెల్లెలు ఏ పార్టీ అండా లేకుండా కత్తెర గుర్తు మీద కౌన్సిలరుగా గెలిచింది. గెలిచిన వారానికే తన కుట్టు దుకాణంలో ఒక పద్ధతి పెట్టింది. కౌన్సిల్ సమావేశానికి ముందు వచ్చే ఆదివారం పొద్దున్నే, చర్చకు రాబోయే అంశాలన్నీ వార్డు వాళ్ళ ముందు చదివించేది. వాళ్ళు అవునంటే ఆ అంశం పక్కన ఎర్ర పెన్సిలుతో నిలువు గీత, కాదంటే అడ్డగీత. సమావేశంలో ఆ గీతల ప్రకారమే చెయ్యెత్తేది. జనాన్ని అడగని విషయం మీద ఎటూ చెయ్యెత్తనని అందరికీ మాటిచ్చింది.

చదివేదీ, గీతలు గీసేదీ నేను. ఇరవై ఆరేళ్ళుగా తపాలా కౌంటర్లో ఎదుటివాళ్ళ ఫారాలు చదివిపెట్టడమే నా పని. చెల్లెలికి ఆఫీసు భాష తొందరగా ఎక్కదు. కాగితాలు శనివారమే నాకు పంపేది. మర్నాడు నేను చదువుతుంటే, ఎవరిదో చొక్కా అంచు కుడుతూ వినేది. ఎదురింటి పెద్దావిడను వీధంతా రేడియో అనేవాళ్ళు. నేను అంశం చదవబోయే ముందే ఆవిడ తన తీర్పు చెప్పేసేది. కాస్త చదవనివ్వండి పిన్నిగారూ అని చెల్లెలు బతిమాలితే, విన్నాక ఎవరైనా చెప్తారు, వినకముందే చెప్పాలంటే బుర్ర ఉండాలి అనేది. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని.

నాకు ఒక్కతే కూతురు. పురపాలక పాఠశాలలో మూడేళ్ళుగా తాత్కాలిక టీచరు. బడికి సెలవులివ్వగానే తీసేస్తారు, తెరిచాక మళ్ళీ పిలుస్తారు. పిలుపు వచ్చేదాకా అది ఇంట్లో అతిథిలా ఉంటుంది. కంచంలో రెండోసారి వడ్డించుకోదు. కన్నతల్లిగా నేను చూడలేనిది అదే.

ఒక సాయంత్రం కౌన్సిల్ ఉపాధ్యక్షుడు మా ఇంటికి వచ్చాడు. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని, మంచినీళ్ళు చాలన్నాడు. పర్మనెంటు చేసే టీచర్ల ఫైలు తన బల్ల మీదే ఉందని, అందులో మా అమ్మాయి పేరు చూశానని చెప్పాడు. ఇంటి గోడలకి రంగులు ఎప్పుడు వేయించారని కూడా అడిగాడు. లేచి వెళ్ళబోతూ, ఈసారి పదకొండో అంశం ఒకటుంది, దాని మీద మీ వార్డులో గొడవ లేకపోతే మంచిది అన్నాడు.

"మీ చెల్లెలుగారిని మాకు ఓటెయ్యమనట్లేదమ్మా. ఆవిడ ఎవరి మాటా వినరని మాకు తెలుసు. చదివేది మీరు కదా అని మీకు చెప్తున్నా, అంతే."

పదకొండో అంశం, మా వీధి చివరి డిస్పెన్సరీ మూసేసి ఆ భవనం ప్రైవేటు ల్యాబుకి అద్దెకివ్వడం.

ఆ ఆదివారం నేను అంశాల అంకెలు చదవడం మానేశాను. పదో అంశం వీధిదీపాల గురించి. దాని మీద రేడియో పిన్నిగారు ఎప్పటిలాగే వాదం పెట్టుకున్నారు. ఆ సందట్లో కాగితం తిప్పి, తర్వాతది అని, బజారు గేటు ఎన్నింటికి తెరవాలన్న అంశం మొదలుపెట్టాను. గొంతు వణకలేదు. వణుకుతుందనుకున్నాను.

సమావేశంలో ఏం జరిగిందో చెల్లెలే తర్వాత చెప్పింది. పదకొండో అంశం వచ్చేసరికి పక్కన ఏ గీతా లేదు. లేచి, మా వాళ్ళని అడగాలి, ఒక్క వారం ఆపండి అందట. అటువైపు బల్లల్లో నవ్వారట. మూయాలని పదకొండు చేతులు లేచాయి, వద్దని పది. ఆమె చెయ్యి కూడా కలిస్తే సమానమై తీర్మానం వీగిపోయేది. అడగని విషయం కాబట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. మాట మీద నిలబడింది.

సోమవారానికల్లా డిస్పెన్సరీకి తాళం పడింది. సాయంత్రం మా వీధి ఇస్త్రీ ఆవిడ దుకాణానికి వచ్చింది. ఇస్త్రీపెట్టె జారి పడి ఆమె పిక్క కాలి నెల దాటింది. రోజు విడిచి రోజు ఆ డిస్పెన్సరీలోనే కట్టు మార్పించుకుంటోంది. వెనకే రేడియో పిన్నిగారూ వచ్చారు. నేనప్పుడు గుండీలు కుడుతున్నాను.

"మమ్మల్ని అడగలేదేంటమ్మా?" అంది ఇస్త్రీ ఆవిడ. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

చెల్లెలు నా వైపు చూసింది. కాగితాలు అతుక్కుపోయినట్టున్నాయి అన్నాను.

ఆమె నన్ను చూడటం ఆపి, "తప్పు నాది. ఒకసారి నేను చూసుకోవాల్సింది" అంది వాళ్ళతో.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారేమో, రేడియో పిన్నిగారు ఒక్క మాటా అనలేదు. ఇస్త్రీ ఆవిడకి చెయ్యందించి మెట్లు దింపారు.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక చెల్లెలు మిషన్ మీద గుడ్డ కప్పింది.

"ఎవరొచ్చారు నీ దగ్గరికి?"

చెప్పాను. కుర్చీ, మంచినీళ్ళు, ఫైలు, అన్నీ చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నెల కిందట ముందు నా దగ్గరికే వచ్చాడక్కా. ఇకమీదట మాతో ఉండు, మీ అక్క కూతురి సంగతి మేం చూస్తాం అన్నాడు. లేచి వెళ్ళమన్నా."

"నాకెందుకు చెప్పలేదే?"

"ఏమని చెప్పను? నీ కూతురి ఉద్యోగం వద్దన్నానని చెప్పనా? అప్పట్నుంచీ నీ మొహం చూడలేక చస్తున్నాను."

నెలగా మా ఇంటికి భోజనానికి రమ్మంటే ఏదో ఒక పని చెప్పి తప్పించుకుంటోంది. కౌన్సిలరు అయ్యాక గొప్ప వచ్చిందని మా ఆయనతో అన్నాను కూడా.

ఆదివారం అందరి ముందూ నిజం చెప్పేస్తానన్నాను. చెప్పు అంటుందనే అనుకున్నాను. ఆమె నేల మీది గుడ్డ ముక్కలు ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేసింది.

"వద్దులే. చెప్తే అమ్మాయి ఆ బడిలో అడుగు పెట్టలేదు. దానికేం తెలుసు పాపం. నా పొరపాటుగానే ఉండనీ" అంది. బుట్ట పక్కకి జరిపి, "జనాన్ని అడక్కుండా నేను తేల్చిన మొదటి విషయం ఇదేనక్కా" అంది.

వద్దన్నందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. అది ఆమెకి కనపడకూడదని తల దించుకుని సూదిలో దారం ఎక్కించుకోబోయాను. ఎంతకీ ఎక్కలేదు. ఇక నువ్వే చదువుకోవే, నేను రాను అన్నాను.

"రావాలి. నువ్వు మానేస్తే అందరికీ తెలిసిపోతుంది."

గురువారం అమ్మాయిని పర్మనెంటు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. రాత్రి అన్నం రెండోసారి అడిగి పెట్టించుకుంది.

తర్వాతి ఆదివారం వెళ్ళి చదివాను. అంకెలతో సహా, మెల్లగా. చెల్లెలు మిషన్ ముట్టుకోకుండా నా భుజం పక్కన నిలబడి వరస వరసా చూసుకుంటోంది. ఇస్త్రీ ఆవిడ ముందు బల్ల మీద, పాత గుడ్డ చుట్టుకున్న కాలు చాపుకుని కూర్చుంది. ఒక్కో అంశం అయ్యాక నా మొహంలోకి చూసి, అక్కగారూ, ఇందులో మాకు మంచేనంటారా అని నన్నే అడుగుతోంది.