ఒకే బిల్లు మీద నాలుగో ట్రిప్పు

మైలవరం రోడ్డు పక్కన మూతపడ్డ టీకొట్టు బల్ల మీద కూర్చుని వినీల అయిదు రోజులుగా లారీలు లెక్కపెడుతోంది. పన్నుల శాఖలో ఆమెది చిన్న ఉద్యోగమే. ఈ రోడ్డు మీద ఎంత సరుకు పన్ను ఎగ్గొట్టి పోతోందో తేల్చమన్నారు పైవాళ్లు. ఆపొద్దు, అడగొద్దు, చూసి రాసుకో అన్నారంతే. లారీ నంబరు ఫోన్లో కొడితే సరుకు బిల్లు కనబడుతుంది. చూసినట్టు నొక్కితే ఆమె పేరూ, టైమూ ఆ బిల్లు మీద పడిపోతాయి.

ఇనపకమ్మీల లారీ ఒకటి పొద్దున ఆరింటికి బెజవాడ వైపు పోయింది. తొమ్మిదిన్నరకి మళ్లీ అదే లారీ, నిండు లోడు, అదే బిల్లు. ఒంటిగంటకి మళ్లీ. ఒక లోడుకి పన్ను కట్టి, అదే కాగితం మీద రోజంతా తోలుతున్నారు దొంగసచ్చినోళ్లు. మూడుసార్లూ వినీల నొక్కింది.

నాలుగున్నరకి ఆ లారీ నేరుగా ఆమె ముందే ఆగింది. ఆ కమ్మీల ఫ్యాక్టరీ ఓనరు పెంచుకుంటున్న రౌడీ జాన్‌బాబు మూరెడు కమ్మీ ముక్కతో దిగాడు.

"ఏమ్మా, లెక్క తేలిందా?"

ఆమె లేచేలోపే మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. జారిన ఫోనును బూటుకాలితో తొక్కి పిండి చేశాడు. అరవబోతే మూతి మీద గుద్దాడు. రెండు పళ్లు ఊడి నోటినిండా నెత్తురు. జుట్టు పట్టుకుని ఈడ్చి, నోట్లో గుడ్డలు కుక్కి, కేబిన్లో సీటు వెనకాల పడేసి పైన పరదా కప్పాడు.

"లోడు దింపేశాక దీన్ని బుడమేరు వాగులో తోసేద్దాం. పోనియ్."

డ్రైవరు ఏసుపాదం బండి తియ్యకుండా వెనక్కి తిరిగాడు. "అన్నా, ఈ ఒక్క ట్రిప్పుకన్నా కొత్త బిల్లు తీయించండన్నా. దారిలో ఆపితే..."

చెంప ఛెళ్లుమంది. "పన్ను ఎవడు కడతాడ్రా, నీ బాబా?"

తనను చంపేస్తారని వినీలకు అర్థమైంది. ఈపాటికి స్కూలు వ్యాను దిగి కూతురు వీధి గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఆ పిల్ల కోసం ఏడుపొచ్చింది. నోట్లో గుడ్డలుంటే ఏడవడం కూడా కష్టమే.

లోభికి మూటనష్టి అని ఊరికే అనలేదు పెద్దలు. ఇబ్రహీంపట్నం దగ్గర పన్నులవాళ్ల జీపు అడ్డంగా ఉంది. వినీల పైఅధికారి శివపార్వతి కిటికీలోంచి కాగితం అందుకుని ఫోన్లో చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ బిల్లుని పొద్దుట్నుంచి మా వినీల మూడుసార్లు చూసిందయ్యా. గంట నుంచి ఆవిడ ఫోను కలవట్లేదు. ఎక్కడుంది?"

ఆ మాట చెవిన పడగానే వినీల ఉన్న సత్తువంతా కూడగట్టి సీటును తన్నింది. మళ్లీ తన్నింది.

"తొక్కించెయ్‌రా, జీపుతో సహా!" అని అరిచాడు జాన్‌బాబు. ఏసుపాదం తాళం పీకి కిటికీలోంచి బయటికి విసిరేశాడు. జాన్‌బాబు కమ్మీతో వాడి తల పగలగొట్టి కిందికి దూకాడు, శివపార్వతి భుజం మీద ఒక్కటేశాడు. రెండో దెబ్బకి ఎత్తిన చెయ్యి దిగలేదు. నెత్తురోడుతూ వెనకనుంచి దూకిన ఏసుపాదం కమ్మీ లాక్కుని వాడి మోకాలి మీద కొట్టాడు. కూలబడ్డాక రెండో మోకాలి మీదా కొట్టాడు. జీపు డ్రైవరు పట్టుకుని ఆపేదాకా కొడుతూనే ఉన్నాడు.

పరదా తీసి, గుడ్డలు లాగి, శివపార్వతి ఒంటిచేత్తో వినీలను ఒళ్లోకి తీసుకుని భోరుమంది. "అమ్మా, ఏం చేశార్రా నిన్ను..."

వినీల నెత్తురు ఉమ్మింది. విరిగిన చెయ్యి ఎత్తబోయి, ఎత్తలేక, పెదాలు కదిపింది.

"నాలుగో ట్రిప్పండీ మేడమ్. ఇది నొక్కలేదు. మీరు నొక్కండి."