పందిరి బయట జనరేటరు

గోవిందు పోయిన మర్నాడు పొద్దున్న వాళ్ల బోరు మోటారు నా జనరేటరును పాడుచేసింది.

ఇంజను ఆగలేదు. పొగ వదులుతూ, పెట్రోలు తాగుతూ, ఏమీ జరగనట్టే ఆడుతోంది. కరెంటు మాత్రం రావడం లేదు. వీధరుగు మీదున్న ఫ్రీజరు పెట్టె మూలుగు ఆగిపోయింది. ఆ పెట్టెలో గోవిందు ఉన్నాడు.

పెట్టె నాదే, జనరేటరూ నాదే. అక్కుపల్లిలో కుర్చీలు, షామియానాలు అద్దెకిస్తాను. మా వైపు చావింటికి వెళ్లిన సామాను పెళ్లింటికి రానివ్వరు. అందుకని నేను చావుల సామాను పెట్టుకున్నాను. మా ఆవిడ అన్న వెంకటేష్ టెక్కలిలో పెళ్లిళ్ల సామాను పెట్టుకున్నాడు. జనరేటర్లు మాత్రం ఇద్దరం కలిసి వెళ్లి, ఒకే రకానివి కొన్నాం.

గాలివానకి ఉద్దానమంతా స్తంభాలు పడిపోయాయి. చావు చూడ్డానికి వచ్చినవాళ్లకి స్నానాలకి నీళ్లు కావాలి కదా. బోరు ఉంది, కరెంటు లేదు. జనరేటరుకి రెండో సాకెట్టు ఖాళీగా కనిపించేసరికి గోవిందు తమ్ముడు కృష్ణారావు మోటారు తీగ లాక్కొచ్చి అందులో గుచ్చాడు. నేను పెట్రోలు డబ్బా కోసం ఇంటికి వెళ్లి వచ్చేలోగా అయిపోయింది.

"సిన్న మోటారే కదా మల్లేసు. సుట్టాలు నీల్లు నీల్లంతంటే ఎట్టాను," అన్నాడు.

"పడ్డాయా?"

"ఓ బాల్చీడు."

వెనక మూత విప్పాను. కాలిన వాసన గుప్పుమంది. లోపల అరచేతిలో ఇమిడేంత నల్ల ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని ఏవీఆర్ అంటారు. కరెంటు ఎక్కువా తక్కువా కాకుండా చూసేది అదే. ఒక పక్క ఉబ్బి, మైనం కారినట్టు కారి ఉంది. అది మారిస్తే తప్ప పెట్టె నడవదు.

గోవిందు భార్య ఎర్రమ్మ పెట్టె పక్కనే కూర్చుని ఉంది. అద్దం మీద చెయ్యి తియ్యలేదు.

"ఏటైనాది బావూ?"

"ఒక ముక్క కాలిపోయింది పిన్నీ. తేవాలి."

"దొరుకుద్దా?"

చూస్తానన్నాను.

వాళ్లకి ఒక్కతే కూతురు, ప్రమోదిని. సూరత్‌లో ఉంటుంది. మొగుడు బట్టల మిల్లులో పని. నిన్న తెల్లారకముందే తండ్రి సంగతి తెలిసి రైలెక్కానని కబురు పెట్టిందట. మధ్యాహ్నం దాటాక పలాసలో దిగుతుంది.

కృష్ణారావు నన్ను వీధిలోకి తీసుకెళ్లాడు. "సూడు మల్లేసు, ఈ ఉక్కలో ఉంచలేం. మద్దేన్నం దాటితే ఎత్తేత్తాం. కొరివెట్టడానికి నానున్నాను. కూతురు గుంట వచ్చీ సేసీదేటుంది, సూసి ఏడవడం తప్ప."

"ఆ సూసీడానికే కదా వత్తంది," అంది అరుగు మీంచి ఎర్రమ్మ. ఆవిడవి పాము చెవులు.

పడవలవాళ్ల దగ్గరున్న ఐసు గోనెలో కట్టి తెప్పించారు. పెట్టెలో రెండు పక్కలా దూరుస్తుంటే ఎవరో అన్నారు, బతికినన్నాళ్లూ చేప ముట్టని మనిషి ఆఖరికి చేపల ఐసులో పడుకున్నాడని.

"పడుకోనీ," అంది ఎర్రమ్మ. "ఆ వాసనకైనా లేత్తాడేమో సూద్దాం."

కాలిన ముక్క జేబులో వేసుకుని బండి తీశాను.

దారంతా పడిపోయిన కొబ్బరి చెట్లు. కొన్నిచోట్ల నరికి పక్కకి లాగారు, కొన్నిచోట్ల తోటలోకి దిగి చుట్టూ తిరగాలి. తిరిగిన ప్రతిసారీ ఐసు కరుగుతున్నట్టే అనిపించేది. రోడ్డు బాగున్నచోట కూడా బండి మీద నిలకడగా కూర్చోలేకపోయాను.

పలాసలో కరెంటు ఉంది. కాశీబుగ్గ బజారులో విడిభాగాల కొట్టాయన నా ముక్క తిప్పి తిప్పి చూశాడు. అటక మీంచి అట్టపెట్టె దింపి ఒకటి తీశాడు. కొత్తది, మెరుస్తోంది. కానీ నా దానికి నాలుగు తీగలు, దానికి ఆరు.

"తెంపి కలిపీయ్. నడిత్తాది," అన్నాడు.

"ఏది దేనికి?"

"నల్లది నల్లదానికి. మిగతాయి ఒకటీ ఒకటీ ఎట్టి సూడు."

"కాయిలు కాలిపోతే?"

"కాలిపోతే మల్లీ రా. కాయిలు కూడా ఉన్నాది."

పక్క కొట్లో కండెన్సర్లున్నాయి, ప్లగ్గులున్నాయి, తాళ్లున్నాయి. ఏవీఆర్ లేదు. అద్దెకి వేరే జనరేటరైనా దొరుకుతుందేమోనని అడిగితే, ఉన్నవన్నీ రొయ్యల చెరువులవాళ్లు పట్టుకుపోయారన్నారు. వైండింగు షాపులో ఒక కుర్రాడు నిద్రపోతున్నాడు. లేపాను. లేదని తలూపి మళ్లీ పడుకున్నాడు. బజారు ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు తిరిగాను. రెండోసారి వెళ్లడం అనవసరమని తెలుసు. నిలబడలేక వెళ్లాను.

రోడ్డు పక్కనే నిలబడి వెంకటేష్‌కి ఫోన్ చేశాను.

"బావా, మన మిషను ఏవీఆర్ ఉందా?"

"కొత్తది నేదు. నా మిషనులోది ఉన్నాది గానీ, అది నందిగాంలో పెళ్లింట ఉంది. రేపు రాత్రి ముహూర్తం."

"వాళ్లకి కరెంటు లేదా?"

"నిన్ననే వచ్చీసింది. మిషను ఊరకే కూకుంది. ఎవులింటికి నీకు?"

"గోవిందు పోయాడు."

"అయ్యో. మంచోడు. ఇదిగో బావా, ఆ మాట అక్కడ అనకు. సర్వీసుకి నాను పంపించీనని సెప్పు. నా ముక్క తీసుకొని, కాలిపోనాది అందులో ఎట్టీ. రేపు సందేలకి తెచ్చి మార్సీ. ఎవులికి తెలుత్తాది? వింటన్నావా?"

"వింటున్నాను."

"నువ్వు సెప్పకపోతే సాలు. సెప్పకుండా ఉండడం నీకేటి కష్టం? పుట్టినప్పుణ్ణించీ అదే పని కదా."

హైవే మీద నందిగాం వైపు వెళ్తున్నంతసేపూ ఆ మాటే చెవిలో తిరిగింది. నిజమే. ఎవరికీ తెలియదు.

పెళ్లింటి ముందు పచ్చ కొబ్బరాకుల పందిరి. ఈశాన్యం మూల పెళ్లిరాట పాతి, పసుపు రాసి, మామిడి కొమ్మ కట్టారు. మోతగా ఉంటుందని జనరేటరును దూరంగా, రోడ్డు అంచున కల్వర్టు పక్కన పెట్టి గోనె కప్పారు. దాన్నుంచి నల్ల తీగ పందిరి గుంజ మీదుగా లోపలికి వెళ్లింది. నేను పందిరి వైపు చూడకుండా గోనె తీసి, కూర్చుని, వెనక మూత మరలు విప్పడం మొదలుపెట్టాను. రెండు మరలు వచ్చాయి. మూడోది తుప్పు పట్టింది.

"ఎవులు బావూ? వెంకటేసు పంపించీడా?"

తలెత్తితే ఒకావిడ. పట్టుచీర కాదు, పనిచీరే. కానీ చేతుల నిండా కొత్త గాజులు. పెళ్లికూతురు తల్లి అని అడక్కుండానే తెలిసింది. పేరు సుధారాణి అని తరవాత తెలిసింది. చేతిలో టీ గ్లాసు ఉంది.

"అవునమ్మా. సర్వీసు."

"ముందు టీ తాగు. ఎండన పడి వచ్చేవు."

గ్లాసు నా ముందుకి చాపింది. నా చేతులు మర మీదే ఉండిపోయాయి. రాత్రంతా గోవిందు ఇంట్లో ఉన్నాను. పెట్టెలోకి ఎత్తినవాళ్లలో నేనొకణ్ని. స్నానం లేదు. ఆ చేత్తో ఆవిడ చేతిలోంచి గ్లాసు ఎలా అందుకోను?

"వద్దమ్మా."

"పెళ్లింటి టీ కాదంతారేటి బావూ?"

ఆవిడ గ్లాసు వెనక్కి తీసుకోలేదు. నా గడ్డం చూసింది, మాసిన చొక్కా చూసింది, చేతులు చూసింది.

"ఎక్కడి నుంచి వచ్చేవు?"

"అక్కుపల్లి పక్క నుంచి."

"ఎవులైనా పోనారా?"

లేచి నిలబడి రెండడుగులు వెనక్కి వేశాను. ఆ తరవాత చెప్పేశాను. గోవిందు సంగతి, మోటారు సంగతి, ముక్క సంగతి. సూరత్ నుంచి కూతురు వస్తోందనీ, అప్పటిదాకా పెట్టె నడవకపోతే ఎత్తేస్తారనీ. నేను ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ అనలేదనుకుంటాను.

పందిట్లో కుర్చీలో కూర్చున్న ముసలాయన అంతా విన్నాడు. ఆవిడ మావ, నారాయణమూర్తి. కర్ర నేలకేసి కొట్టాడు.

"రాట పడ్డాక ఇంట్లో వస్తువు బయటికి ఎల్లకూడదు. అదీ సావింటికా? పొమ్మను."

"జనరేటరు ఇంట్లో నేదు కదా మావా. రోడ్డు మీదున్నాది."

"తీగ పందిట్లోకి వచ్చింది కదా. తీగొచ్చిందంటే పందిట్లో ఉన్నట్టే."

ఆవిడ కాసేపు ఆ తీగ వైపే చూసింది. లోపల ఆడవాళ్లు ఏదో అని నవ్వుతున్నారు. పెళ్లికూతుర్ని ఆటపట్టిస్తున్నారు కాబోలు. నేను మూత మళ్లీ బిగించడానికి వంగాను. నందిగాం కాకపోతే టెక్కలి, టెక్కలి కాకపోతే శ్రీకాకుళం. అంత దూరం వెళ్లి వచ్చేసరికి ఎవరికోసం?

"ఆ మూత ఎట్టకు," అంది సుధారాణి.

గ్లాసు కింద పెట్టి, పందిరి గుంజ దగ్గరికి వెళ్లి, కొత్త గాజులు గలగలమంటుండగా ఆవిడే తీగ పీకింది. చుట్ట చుట్టి రోడ్డు మీదకి విసిరింది.

"ఇప్పుడేటి మావా? తీగ నేదు. ఇప్పుడది వెంకటేసు సామాను. మనకీ దానికీ సంబందం నేదు."

"రేపు తాళి కట్టే యేల కరెంటు పోతేనో?"

"పోతే దీపాలున్నాయి. మీ పెళ్లి ఏ జనరేటరు ఎట్టి సేసేరు?"

ముసలాయన ఏదో గొణిగాడు గానీ కర్ర మళ్లీ కొట్టలేదు.

ఆవిడ నాతో అంది, "ముక్క తీసుకో. తీసుకున్నాక ఈ మిషను మా గుమ్మంలో ఉండకూడదు. అక్కడికి ఎల్లొచ్చిన ముక్క మల్లీ ఇక్కడికి రాకూడదు. ఆ సంగతి వెంకటేసుకి సెప్పు, వచ్చి ఎత్తుకుపోతాడు."

టీ గ్లాసు కల్వర్టు గోడ మీద పెట్టింది. "నా సేత్తో ఇవ్వనేదు. గోడ మీంచి నువ్వు తీసుకున్నావు. తాగీసి గ్లాసు కాలవలో పడీ."

తాగాను. చల్లారిపోయింది. మూడో మర ఊడేసరికి వేలు చీరుకుంది. ముక్క రుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. బయల్దేరేముందు వెంకటేష్‌కి ఫోన్ చేసి, మిషను వచ్చి తీసుకుపొమ్మని, ముక్క పెళ్లింటికి తిరిగి రాదని చెప్పాను.

"సెప్పీసేవా? బావా, నీ నోరు ఏడాదికోసారి తెరుత్తావు, అదీ నా కొంప మీదకే," అన్నాడు. ఇంకా అంటుంటే ఫోన్ పెట్టేశాను.

నేను చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. వీధిలో పచ్చి వెదుళ్లు నరికి పాడె కడుతున్నారు. గోనెల్లోంచి నీళ్లు కారి అరుగు మీంచి వీధిలోకి పాకాయి. ఎర్రమ్మ ఉన్నచోటే ఉంది. చీర కుచ్చెళ్లు తడిసిపోయాయి.

"దొరికింది," అన్నాను.

కృష్ణారావు కత్తి పట్టుకుని లేచాడు. "ఇంకెందుకు మల్లేసు? కట్టీత్తన్నాం."

"ఇప్పుడు వేస్తున్నాను. ఆగు."

నాలుగు తీగలు నాలుగు చోట్ల కూర్చున్నాయి. చీరుకున్న వేలి నెత్తురు మర మీద జారుతోంది. తాడు లాగాను. పట్టుకోలేదు. ఎవరో నిట్టూర్చారు. మళ్లీ లాగాను. ఇంజను అందుకుంది. ముందు బల్బు పెట్టి చూశాను. వెలిగింది. కాసేపు అలాగే ఉంచాను, వెలుగు ఊగలేదు. అప్పుడు పెట్టె తీగ గుచ్చాను. పెట్టె ఒక్కసారి దగ్గి, మూలగడం మొదలుపెట్టింది.

ఎర్రమ్మ లేచి వచ్చి, ఖాళీగా ఉన్న రెండో సాకెట్టు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఇందులో ఎవులైనా సెయ్యెడితే ఆ సెయ్యిరిగీత్తాను," అంది మరిదిని చూస్తూ.

"మరి నీల్లు వదినా?"

"సముద్రం ఉన్నాది కదా. ఎల్లి మునగండి."

కృష్ణారావు కత్తి గోడకి ఆనించాడు. పాడె కట్టడం ఆగింది గానీ ఎవరూ కూర్చోలేదు. ఒకడు రోడ్డు వైపు వెళ్లి వస్తాడు, ఇంకొకడు వెళ్తాడు. రైలు ఆలస్యమన్నారు. వచ్చిందన్నారు. ఆటో దొరికిందట, చెట్టు అడ్డం పడి ఆగిందట. నేను పెట్రోలు చూస్తాను, బల్బు చూస్తాను, పెట్టె మీద చెవి పెడతాను, మళ్లీ పెట్రోలు చూస్తాను.

పొద్దు వాలుతుండగా ప్రమోదిని తోటల్లోంచి నడిచి వచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి, కాళ్లు బురద. ఏడవలేదు. నేరుగా పెట్టె దగ్గరికి వెళ్లి వంగింది. అద్దం మీద మంచు పట్టి ఉంది. కొంగుతో తుడిచింది. మళ్లీ పట్టేసింది. లోపల తెల్లగా ఏదో ఉంది, అంతే.

"నాన్న అగుపించట్నేదమ్మా," అంది.

ఎర్రమ్మ నా వైపు చూసింది. జనరేటరు ఆపేశాను. పెట్టె మూత తీశాను. మూతకి ఆసరాగా ఉండే కడ్డీ ఎప్పుడో విరిగిపోయింది, దాన్ని ఇన్నాళ్లూ మార్చలేదు. అందుకని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడ్డాను.

ప్రమోదిని తండ్రి బుగ్గ మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉందని తీసేస్తుందనుకున్నాను. తియ్యలేదు. నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. చొక్కా కాలరు సరిచేసింది. చెవి దగ్గర వంగి ఏదో చెప్పింది. ఎవరికీ వినపడలేదు.

మూత బరువు భుజాల్లోకి దిగింది. కాలు మార్చాను. చాలమ్మా అని ఎవరైనా అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు.

కాసేపటికి అటు పక్క బరువు తగ్గింది. చూస్తే కృష్ణారావు. మూత రెండో అంచు పట్టుకుని, అన్న మొహం వైపు చూడకుండా, తోటల వైపు చూస్తూ నిలబడ్డాడు.