ఊపున్న అప్పగింతలు

నేను ఒక ఊపిరి పెట్టెను. మా దేశంలో నన్ను బయాన్ అంటారు. విశాఖపట్నం వచ్చాక 'రష్యా హార్మనీ' అయిపోయాను. అటూ ఇటూ బొత్తాలు, మధ్యలో మడతల తిత్తి. లాగితే ఏడుస్తాను, నొక్కితే ఏడుస్తాను. నవ్వడం కూడా ఒకప్పుడు వచ్చేది గానీ, ఇప్పుడు మాత్రం అడక్కండి.

పుట్టింది తూలా అనే ఊళ్ళో. తెలుగులో తూలడమంటే వేరే అర్థమట. నన్ను మొదట కొన్న ఇద్దరు మహానుభావులూ ఆ అర్థాన్నే నిలబెట్టారు లెండి. మూడోవాడు గెన్నాదీ. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో ఇక్కడికి ఇంజనీరుగా వస్తూ, బట్టలు తగ్గించుకుని మరీ నన్ను తెచ్చుకున్నాడు. అతని ఊరు ఆనకట్ట నీళ్ళ కింద మునిగిపోయింది. పెళ్ళికూతుర్ని సాగనంపేటప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు పాడే పాట ఒకటి వాళ్ళమ్మ నోట విని, నా మీద పట్టుకున్నాడు. ఊరు పోయింది, అమ్మ పోయింది, ఆ పాట తెలిసినవాడు అతనొక్కడే మిగిలాడు.

తవుడు అతని దగ్గర కలాసీ. ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కకపోతే, వీడినైనా యముడు పట్టించుకోకూడదని గుప్పెడు తవుడుకి అమ్మేసి, మళ్ళీ తెచ్చుకుని ఆ పేరే పెట్టారు. యముడు వదిలేశాడు గానీ కర్మాగారం వదల్లేదు, వాడి ఊరు మొత్తం దాని కిందకే పోయింది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఇద్దరూ అన్నదమ్ముల్లా తిరిగారు. ఒకనాడు గెన్నాదీ ఆ పాట వాయించి, నెత్తిన తువ్వాలు ముసుగేసుకుని, కళ్ళు తుడుచుకుని చూపించాడు.

తవుడు తొడ చరిచి, "ఓలమ్మో! అప్పగింతల పాటేటి బాబూ!" అన్నాడు.

ఆ పాట ప్రాణమంతా ఆగడంలో ఉంది. పిల్లకి గొంతు పూడుకుపోయిన చోట తిత్తి నిలిచిపోవాలి. ఒక్కో చరణానికి ఒక్కో చోట. ఆ చోట్లు తెలియకపోతే అది ఉత్త బాణీ. గెన్నాదీ వాడి మణికట్టు పట్టుకుని నేర్పాడు, వెళ్ళేటప్పుడు నన్ను వాడి ఒళ్ళోనే వదిలి వెళ్ళాడు. కొన్నేళ్ళు ఉత్తరాలొచ్చాయి, కర్మాగారంలో ఎవరో చదివిపెట్టేవారు. తర్వాత అతను పోయాడన్న కబురొచ్చింది.

ఇక ఆ పాటకి దిక్కు తవుడే. అరవై దాటాక వాడి ఎడమచేతి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. కాలనీలో ఎవర్నడిగినా నేర్చుకునే ఓపిక లేదన్నారు. "ఇది నాతోనే పోతాదే ఎర్నమ్మా," అని పెళ్ళాం దగ్గర బెంగపడేవాడు. "ముందు మందు మింగు మావా," అనేది ఎర్నమ్మ. అని, వాడు వాయిస్తూ ఉంటే గుమ్మంలో కూచుని కొంగు నోట్లో కుక్కుకునేది.

అదిగో, అలాంటప్పుడు బీచ్ రోడ్డులోని ఒక క్లబ్బు నుంచి కబురొచ్చింది. అక్కడ నెలకో దేశం పండగ చేస్తారట. ఈసారి రష్యా వంతు. మే నెల ఉక్కపోతలో ఉన్ని టోపీలు పెట్టుకుందామని తీర్మానించుకున్న బుద్ధిమంతులు, అచ్చమైన పాత రష్యా పాట కావాలని తవుణ్ణి పిలిచారు. ఎంపిక చేసేది కార్యదర్శి బెహరా మాధవరావు.

తవుడు ముందు గెన్నాదీ దగ్గరే పట్టుకున్న కోతల పాట వాయించాడు.

"నీరసంగా ఉందయ్యా," అన్నాడు మాధవరావు.

తర్వాత నది పాట.

"మావాళ్ళు బిర్యానీ తింటూ ఏడవాలా ఏంటి? ఇంకేమన్నా ఉందా?"

తవుడు అప్పగింతల పాట ఎత్తుకున్నాడు. మాధవరావు ఫోన్ చూసుకుంటూనే, "ఇదెప్పుడు పాడతారు?" అని అడిగాడు.

నిజం చెబితే ఇదీ పోతుంది. వాడి గుండె దడదడ నా తిత్తికి తగులుతూనే ఉంది. "పెళ్ళిలో బాబూ," అన్నాడు తవుడు, అంతటితో ఊరుకున్నాడు.

"పెళ్ళి పాటా! మరి ముందే చెప్పవేం? ఇదే ఖాయం. కాస్త ఊపు తగిలించు, డ్రమ్ము మేం వేయిస్తాం. ఆ మధ్యమధ్యలో ఆగిపోవడాలు మాత్రం తీసేయ్."

నాకు నోరుంటే అక్కడే అరిచేదాన్ని. "కొంచెం ఊపే కదేటి, నలుగురి సెవిలో పడతాది," అని దారంతా నాకు నచ్చజెప్పాడు, తనకి తనే చెప్పుకున్నాడు. నెలరోజులు క్లబ్బులో డ్రమ్ము మిషను పక్కన కూచుని సాధన చేశాడు. ఆగిన ప్రతిసారీ డ్రమ్ము ముందుకు పోయేది, వీడు పరుగెత్తి అందుకునేవాడు. చివరికి ఆగడం మానేశాడు.

ఆ సాయంత్రం బ్రహ్మాండంగా జరిగింది. టోపీల కింద చెమటలు కారుతుండగా అందరూ చప్పట్లు కొట్టారు, చిందులేశారు. ఒకావిడ తన కూతురి సంగీత్‌కి ఇదే పాట కావాలంది. తవుడు నవ్వుతూ దండాలు పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎర్నమ్మ గుమ్మంలో కూచుని, "మునపటిలాగ ఓపాలి వాయించు మావా," అంది.

వాయించాడు. వేళ్ళు పరుగెత్తాయి. నిలబెట్టి మళ్ళీ మొదలెట్టాడు, మళ్ళీ పరుగే. మెల్లగా లాగాడు, ఆగాడు. ఆ చోటు కాదు. ఇంకో చోట ఆగాడు. అదీ కాదు. కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటారే, కళ్ళారా చూశాను. గంటసేపు పెనుగులాడి, మొహమంతా చెమటతో పెళ్ళాం వైపు తిరిగాడు.

"ఎక్కడే ఆగీవోణ్ణి? నీకు గురుతుందా?"

"నాకేటి తెలుస్తాది మావా," అంది ఎర్నమ్మ. "నానేడుస్తా ఉండేదాన్ని కదా."

తవుడు నా మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. "గెన్నాదీ బాబూ, అబద్దమాడి అమ్మేసినాను," అన్నాడు. నెలరోజులు రోజూ ప్రయత్నించి, నన్ను చూస్తే పిచ్చెక్కుతోందని తీసుకెళ్ళి ఆ క్లబ్బుకే ఇచ్చేశాడు. వాళ్ళు గోడకి తగిలించి, పక్కనే ఒక ఉన్ని టోపీ కూడా పెట్టారు.

వచ్చినవాళ్ళు సరదాకి బొత్తాలు నొక్కుతారు. తిత్తి కదపందే నేను పలకను, పాడైపోయిందనుకుని వెళ్ళిపోతారు. పాడవలేదు. మొదటి చరణంలో మూడో మలుపు దగ్గర ఆగాలి. రెండో దానిలో, ఎత్తుకోగానే. నాకు పాటంతా వచ్చు.