అట్టముక్క మీద పట్టనిది

టీచరమ్మ ఏ బళ్ళోనూ పాఠం చెప్పి ఎరగదు. బడి ఆఫీసు గదిలో కూర్చుని ముప్పై రెండేళ్ళు రిజిస్టర్లు రాసిన మనిషి, ముత్యాల్లాంటి అక్షరాలు. చర్చి సంఘంలో స్త్రీల కూడికకి ప్రతి నెలా నాలుగో ఆదివారం వాక్యం చెప్పేది ఆవిడే కాబట్టి అందరి నోటా టీచరమ్మ అయి కూర్చుంది. భర్త పుస్తకాల బైండింగ్ మేస్త్రి. ఆయన చేతుల మనిషి, ఈవిడ మాటల మనిషి. ఇంట్లో ఇద్దరి వంతు మాటలూ ఈవిడే మాట్లాడేది, ఆయన వంతు వచ్చేసరికి మాటలు అయిపోయి ఉండేవి.

ఆ మేస్త్రి పోయి పదహారు రోజులైంది.

బైండింగులో మిగిలిపోయిన అట్టముక్కల్ని ఆయన అరచేతిలో పట్టేంత కోసి, అంచులు నున్నగా రుద్ది, కట్టలు కట్టి ఇంటికి తెచ్చేవాడు. టీచరమ్మ ఒక్కోదాని మీద ఒక్కో బైబిలు వచనం రాసేది. ఎవరింట్లో చావొచ్చినా, జబ్బొచ్చినా, పిల్లాడు పరీక్ష తప్పినా, చేతిసంచిలో కార్డుతో గుమ్మంలో ప్రత్యక్షం. వచనం చదవడం, ప్రార్థన చేయడం, కార్డు చేతిలో పెట్టడం, ఇంకో ఇంటికి బయల్దేరడం. ఒక్కో సాయంత్రం నాలుగిళ్ళు చుట్టబెట్టేది. మేస్త్రి కూడా వెంట వెళ్ళేవాడు గానీ, ఆయన నడకే నిదానం, కూర్చున్నచోటి నుంచి లేవడం ఇంకా నిదానం. "నువ్వు పద, నేను కాసేపు కూర్చునొస్తా" అనేవాడు.

ఒకసారెప్పుడో కోతకత్తి చేతిలో పట్టుకుని అడిగాడు. "అట్ట మరీ చిన్నదవుతోందేమోనే. ఇంకో రెండంగుళాలు పెంచి కోయనా?"

"ఎందుకూ, వచనం పడుతోందిగా" అంది ఈవిడ. ఆ సంగతి అక్కడితో సరి.

ఇప్పుడా కార్డులే నడుచుకుంటూ వెనక్కొచ్చాయి. సమాధుల తోట నుంచి వచ్చిన మర్నాడే మొదలైంది. ముందుగా వచ్చింది పాటలక్క. కూడికలో పాట ఎత్తుకునేది ఈవిడే. తన బైబిల్లోంచి ఒక అట్టముక్క తీసింది.

"మీ చేతిరాతే అమ్మా. మా నాన్న పోయినప్పుడు మీరిచ్చింది. పదేళ్ళు దాచుకున్నా. చూశారా, ఇవాళ మీకే పనికొచ్చింది."

చదివింది. ప్రార్థన చేసింది. చేతిలో పెట్టింది. "ఇంకో ఇంటికి వెళ్ళాలమ్మా, ఏమనుకోకండి" అని లేచింది. అచ్చం టీచరమ్మ నేర్పినట్టే, ఒక్క మెట్టు తప్పకుండా.

రెండు వారాల్లో ఇరవై మూడు కార్డులు వచ్చాయి. పందొమ్మిది తన చేతిరాతవే. వాటిలో ఆరింటి మీద ఒకటే వచనం, దేవుణ్ణి ప్రేమించేవాళ్ళకి అన్నీ కలిసి మేలుకే జరుగుతాయని. వాళ్ళు ప్రేమ లేక తెచ్చారా అంటే, అదేం కాదు. అన్నేళ్ళు దాచుకుని మరీ తెచ్చారు. అదే ఆవిడకి మింగుడు పడలేదు. ఇంత ప్రేమగా తెచ్చిన మాట ఒక్కటీ లోపలికి దిగదేం? ఎవరో ఒకరు ఇంకో అరగంట కూర్చుంటే బాగుండునని ఉండేది. నోరు తెరిచి ఎలా అడుగుతుంది? వాళ్ళ చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి, లోపలికొచ్చి తలుపు వేసుకునేది. కంచం ఒకటే తీసినా చెయ్యి అలవాటుగా రెండోదాని మీదికి వెళ్ళేది.

ఇది చాలదన్నట్టు పాటలక్క మళ్ళీ వచ్చింది. "రేపు ఆదివారం వాక్యం మీరే చెప్పాలమ్మా. మీరే మూల కూర్చుంటే మేమెవర్ని చూసి నిలబడాలి? ఆ మేలు వచనమే చెప్పండి. ఇంత దెబ్బ తిన్నాక మీ నోట అది వినాలని అందరికీ ఉంది."

టీచరమ్మ కాదనలేకపోయింది. చెబితే, తన గొంతు దిగని మాటని పాతికమందికి తినిపించినట్టు. చెప్పలేనంటే, ఇరవై ఏళ్ళుగా చెప్పిందంతా నీళ్ళపాలు. శనివారం మధ్యాహ్నం దాకా బైబిలు ముందు పెట్టుకుని కూర్చుంది, ఒక్క ముక్కా తోచలేదు.

అప్పుడొచ్చింది ఇస్త్రీ ఆవిడ. వీధి చివర బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఒకప్పుడు కూడికకి వచ్చేది, అయిదేళ్ళ కిందట ఆరేళ్ళ కూతురు జ్వరంతో పోయాక మానేసింది. చేతుల మీద మూడు చొక్కాలు, మడత నలగకుండా పట్టుకుని గుమ్మం బయటే ఆగింది.

"మేస్త్రిగారివమ్మా. ఆసుపత్రికి వెళ్ళే ముందు ఇచ్చారు. తేవాలో వద్దో తెలీక ఇన్నాళ్ళు ఉంచా."

టీచరమ్మ ఆ చొక్కాలు అందుకుని కుర్చీలో పెట్టింది. బల్ల మీది కార్డుల వైపు చూసింది. ఏం తోచిందో ఏమో, "నువ్వు తేలేదా?" అంది.

"ఏంటమ్మా?"

"కార్డు. అందరూ తెచ్చారు."

ఇస్త్రీ ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంది, ఆ చేతికి తుడవాల్సిందేం లేదు. "నాకిచ్చింది పెట్టె అడుగున ఉంది. తేవాలనే ఉండేది. మీ ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి జరక్కపోదు, ఆ రోజు తీసుకెళ్ళి మీ చేతిలో పెట్టి, చదువుకోండమ్మా అని వెనక్కి తిరక్కుండా వచ్చేద్దామని. అయిదేళ్ళు అదే అనుకున్నా. తీరా పోయింది మేస్త్రిగారు కదా, చేతులు రాలేదు."

టీచరమ్మ బల్ల మీది కార్డుల్ని దొంతర పెట్టింది. "ఏ వచనం?" అంది. తెలిసే అడిగింది.

"మేలుది. తప్పుడు మాటని కాదమ్మా. పిల్ల ఇంకా మంచం మీదే ఉంది. మీరు చదివారు, ప్రార్థన చేశారు, బస్సుకి టైమైందన్నారు."

టీచరమ్మకి ఆ రోజు గుర్తే. ఆ సాయంత్రం నాలుగిళ్ళు. "ఆయనా మీ ఇంటి దగ్గరే ఆగిపోయారు. పొద్దుపోయాక వచ్చారు, చొక్కా నిండా మసి. ఎక్కడ తిరిగొచ్చారని సాధించాను. ఇస్త్రీ చేశానన్నారు. వెటకారం చేస్తున్నారనుకున్నా."

"చేశారుగా" అంది ఇస్త్రీ ఆవిడ. "పిల్లని సమాధిలో పెట్టి వచ్చాక బండి దగ్గర చూస్తే ఆసుపత్రి డాక్టర్ల కోట్లు గుట్టపడి ఉన్నాయి, తెల్లారేసరికి ఇవ్వాల్సినవి. మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మేస్త్రిగారు ఒక్క మాట మాట్లాడకుండా బొగ్గులు రాజేసి, ఇస్త్రీ పెట్టె పట్టుకున్నారు."

"ఆయనకి ఇస్త్రీ రాదే."

"రాదు. రెండు కోట్లు మాడ్చారు." ఇస్త్రీ ఆవిడ మొహంలో నవ్వులాంటిది వచ్చి వెళ్ళింది. "మాడు వాసనకి నేనే లేచెళ్ళా. జరగండి బాబాయ్, నీళ్ళు చిలకరించాలి ముందు, అన్నా. అలా అంటూ ఉండగానే ఏడుపొచ్చింది. పొద్దుట్నుంచి రానిది అప్పుడొచ్చింది. ఆయన నీళ్ళ చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డారు. అంతే. వెళ్తానమ్మా, బండి దగ్గర ఎవరూ లేరు."

ఆవిడ వెళ్ళాక టీచరమ్మ చాలాసేపు ఆ చొక్కాలనే చూసింది. ఆ పక్క బల్ల మీద ఒకటే వచనం ఆరుసార్లు, తన అందమైన అక్షరాల్లో. ఒక కార్డు తీసుకుని రోమీయులకు రాసిన పత్రిక తెరిచింది. ఆ వచనం కంఠతా వచ్చు కాబట్టి దాని పైన ఏముందో కన్ను పెట్టి చూసి ఎన్నేళ్ళయిందో. ఈసారి వేలు పెట్టి, బడిపిల్లలా, పైనుంచి చదువుకుంటూ వచ్చింది. లోకమంతా నొప్పులు పడుతున్నట్టు మూలుగుతోందని ఉంది. మనమూ లోలోపల మూలుగుతున్నామని ఉంది. ఎలా ప్రార్థన చేయాలో కూడా తెలీనప్పుడు ఆత్మే మనకోసం మాటల్లేని మూలుగులతో అడుగుతుందని ఉంది. అంత మూలుగూ అయ్యాకే ఆ మేలు మాట. తను కార్డు మీద పట్టినంతే రాసి, మూలుగంతా పైనే వదిలేసింది. ఇంకో రెండంగుళాలు పెంచి కోయనా అని ఆ మనిషి అడిగాడు కూడాను.

ఆదివారం కూడికలో ఇరవై ఆరుమంది. టీచరమ్మ ఆరు కార్డులూ బల్ల మీద పెట్టింది. యోబు గ్రంథం తీసి, పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు ముగ్గురూ వచ్చి ఏడు రోజులు నేలమీద అతని పక్కన ఊరికే కూర్చున్న చోటు చదివి, ఆపేసింది.

"ఇక్కడిదాకా వీళ్ళు మంచి స్నేహితులు" అంది. "తర్వాత నోరు తెరిచారు. వాళ్ళన్న వాటిలో చాలావరకు మనం ప్రార్థనలో అనే మాటలే. అయినా చివర్లో దేవుడికి కోపమొచ్చింది వాళ్ళమీదే. ఈ పుస్తకం నేను పదకొండుసార్లు చదివాను. ప్రతిసారీ నన్ను యోబు పక్షాన లెక్కేసుకునే చదివాను. ఆ ముగ్గురి పక్కన నాలుగో చాప వేసుకుని కూర్చున్నది నేనేనని ఇప్పుడు తెలిసింది."

తర్వాత రోమా పత్రిక పైనుంచి చదివింది, మూలుగుతో సహా. మేలు వచనం దగ్గరికొచ్చేసరికి దాని మీద వేలుంచి తలెత్తింది. "ఈ మాట నిజం కాదని నేననను. ఇవాళ నాకింకా అందలేదు, అంతే. అందినప్పుడు చెబుతా. అప్పటిదాకా ఎవరింటికైనా వెళ్తే, వచనం సంచిలోనే ఉంచి ముందు కూర్చోండి. నేను మీకు ముందు లేవడం నేర్పాను."

ఎవరి కుర్చీయో కిర్రుమంది. పాటలక్క నోరు తెరిచి, పాట ఎత్తుకోకుండా మూసుకుంది. బయటికెళ్తూ మెట్ల దగ్గర ఎవరో, "పాపం, మేస్త్రిగారితో పాటే ఈవిడ విశ్వాసమూ సన్నగిల్లింది" అనడం చెవిన పడింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటిదాకా తోడొస్తానని ఆ రోజు ఎవరూ అనలేదు.

మర్నాడు సాయంత్రం ఇస్త్రీ బండి దగ్గరికెళ్ళింది. చేతిలో సంచి లేదు.

"బట్టలేవమ్మా?"

"లేవు."

"మరి?"

"కూర్చుందామని."

ఇస్త్రీ ఆవిడ ఒక క్షణం చూసి, బెంచీ మీది దుప్పట్ల మూట పక్కకి జరిపింది. టీచరమ్మ కూర్చుంది. నోట్లో పాతిక మాటలు వరసకట్టి నిలబడ్డాయి. క్షమించమనేది కూడా వాటిలో ఉంది, అది ముందుగా రావాలని తోసుకుంటోంది. ఆ మాట ఒక్కటి బయటికొచ్చింది, అదీ చిన్నగా. ఇస్త్రీ ఆవిడ తల ఊపి పెట్టె తిప్పుకుంటూ పోయింది. మూటలోని దుప్పట్లు సగం ఇస్త్రీ అయి మడతపడ్డాయి.

"బొగ్గులు ఆరుతున్నట్టున్నాయి. విసరనా?" అంది టీచరమ్మ.

"మీరలా కూర్చోండమ్మా. మీ ఇంటివాళ్ళు మాడ్చినవి చాలు."

దీపాలు వెలిగే వేళకి ఇల్లు చేరింది. వేలికి కాస్త మసి అంటింది. కుర్చీలో మూడు చొక్కాలు మడత విప్పకుండా అలాగే ఉన్నాయి. గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది, ఇంతసేపూ ఎక్కడ తిరిగొచ్చావని ఎవరైనా సాధిస్తారేమో అన్నట్టు. ఎవరూ అడగలేదు. "ఇస్త్రీ బండి దగ్గర కూర్చున్నా" అని ఆవిడే చెప్పి, దీపం వేసుకుంది.