నడుముకు కట్టిన సాక్షి

నేను ఒక ఇన్సులిన్ పంపును. పేకముక్కల కట్టంత ఉంటాను, బరువు కాస్త ఎక్కువ. నా కడుపులో మందు గొట్టం. దాని నుంచి దారంలాంటి ట్యూబు బయటికి వస్తుంది. ట్యూబు చివర పొట్ట మీద అతికించే పట్టీ, పట్టీ కింద చర్మంలోకి దిగి ఉండే మెత్తని చిన్న గొట్టం. ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని పిల్లలకు రోజంతా చుక్కచుక్కగా మందు పంపడం నా పని. తినేముందు బటన్ నొక్కితే ఇంకొంచెం పంపుతాను. అంతకుమించి నాకేమీ తెలియదు. ఈ మాట మనుషులు నమ్మరు. కొందరు నాకు అన్నీ తెలుసనుకుంటారు, మిగిలినవాళ్ళు నేనేదో దాస్తున్నాననుకుంటారు.

నన్ను మొదట అనుమానించింది నన్ను చేసినవాళ్ళే. సముద్రం అవతలి ఫ్యాక్టరీలో ముఖాలకు గుడ్డలు కట్టుకుని నన్ను నీళ్ళలో ముంచారు, కావాలని కింద పడేశారు, ఎండలోనూ చలిలోనూ పెట్టి చూశారు. ఏ తప్పూ దొరక్కపోయేసరికి పాసు చేశారు.

మొదట విజయవాడలో ఒక బట్టల షాపు ఆయన తన కొడుకు నిఖిలేష్ కోసం కొన్నాడు. ఆ కుర్రవాడు నన్ను చొక్కా కింద దాచుకునేవాడు. కొత్త మోడలు రాగానే ఎవరికైనా ఇవ్వమని తనకు వైద్యం చేసే డాక్టరమ్మ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. అలా నేను, అదే డాక్టరమ్మ దగ్గర చూపించుకునే ప్రసూన నడుముకు చేరాను. ఆమె తణుకులో స్కూలు వ్యాను నడిపే వీర్రాజు గారి కూతురు.

ప్రసూన అప్పటికి ఇంటర్ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ పెన్నుతో, కలంలా ఉండే సూదితో, ఇంజెక్షన్లు చేసుకునేది. స్కూల్లో బాత్రూం తలుపు గడియ వేసుకుని, పెళ్ళిళ్ళలో వడ్డన మొదలయ్యేలోపు ఏ గది మూలకో వెళ్ళి చేసుకునేది. కాకినాడ హాస్టల్లో ఉండి ఫార్మసీ చదవాలని ఆమె కోరిక. తల్లి కనకమహాలక్ష్మి ఒక్కటే షరతు పెట్టింది. కాలేజీ తెరిచేలోపు సుగర్ కుదుటపడితేనే హాస్టలు, లేకపోతే తణుకులోనే డిగ్రీ. అందుకే నేను వచ్చాను.

నన్ను చూడగానే కనకమహాలక్ష్మి ఎవరి ఒంటికి పెట్టి తీశారో అని స్పిరిట్‌తో తుడిచింది. తరువాత దేవుడి ముందు పెట్టి బొట్టు పెట్టింది. ఆ కుంకుమ నా బటన్ సందులో ఇప్పటికీ ఉంది. పాత పెన్ను ఫ్రిజ్ తలుపులో కరివేపాకు పొట్లం పక్కనే ఉండిపోయింది. దానికి నా మీద కోపమో కాదో తెలియదు. పరీక్ష హాల్లో ఒక మేడం నన్ను సెల్‌ఫోననుకుని ప్రసూనను అందరి ముందూ నిలబెట్టింది. డాక్టరమ్మ చీటీ చూపిస్తే నమ్మింది గానీ, పరీక్ష అయ్యేదాకా పక్కనుంచి కదల్లేదు.

మొదటి ఆదివారం దాకా అంతా బాగానే ఉంది. ఆ సాయంత్రం నుంచి సుగర్ పెరగడం మొదలైంది. సోమవారానికి ప్రసూన నోరు ఎండిపోయేది. రెండు మూడు రోజులకోసారి పట్టీ మార్చాలి, ఆ రోజు రాగానే తగ్గిపోయేది. మళ్ళీ ఆదివారం అదే కథ. డాక్టరమ్మ నన్ను కంప్యూటరుకు తగిలించి చూసింది. మందు పంపినట్టే ఉంది, ఎక్కడా లోటు లేదు. కళ్ళజోడు పైనుంచి ప్రసూన వైపు చూసి, ఆదివారాలు ఏం తింటున్నావమ్మా అని మెల్లగా అడిగింది. తల్లి పక్కనే ఉంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కాజాల డబ్బా బీరువాలోకి వెళ్ళింది. కూతురు పెరట్లోంచి రాగానే కనకమహాలక్ష్మి ఆమె వేళ్ళు పట్టుకుని వాసన చూసేది. బ్యాగు దులిపేది. పక్కింటామెను మా అమ్మాయికి ఏమైనా పెట్టారా అని మాటల్లో పెట్టి అడిగేది.

"నేనేం తినలేదమ్మా," అంది ప్రసూన ఒకరోజు.

"మరి మిషను అబద్ధం చెప్పుద్దా?"

"పిల్ల తినలేదంటుంది కదే," అన్నాడు వీర్రాజు గారు.

"మీరూరుకోండి. మీరిచ్చిన అలుసే ఇదంతా. కాకినాడ మాట ఇంక ఈ ఇంట్లో ఎత్తకండి."

నేను అబద్ధం చెప్పలేదు. కానీ నేను చెప్పింది పంపిన సంగతే. చేరిందో లేదో నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పలేను. నిద్దట్లో లేచి నేనే తింటున్నానా అని ప్రసూన ఒకసారి నాన్నను అడిగింది. ఆ మాట విన్నాక నా మీద నాకే అనుమానం వచ్చింది.

మరుసటి ఆదివారం ఆమె పంతం పట్టింది. ఏమీ తిననని, అమ్మ కళ్ళముందే ఉంటానని చెప్పింది. ఆదివారమంటే ఆ ఇంట్లో తలంటు. ట్యూబు ఊడదీసి నన్ను గూట్లో పెట్టారు. పట్టీ మాత్రం పొట్ట మీదే ఉంది. కనకమహాలక్ష్మికి కూతురి మీద ఎంత కోపమున్నా తలంటులో లోటు చేయదు. మాడు నుంచి పాదాల దాకా నువ్వుల నూనె ఇంకేలా మర్దనా చేసి, సున్నిపిండితో నలిచి, కుంకుడుకాయ రసంతో తల రుద్దింది. తరువాత ప్రసూన నన్ను మళ్ళీ తగిలించుకుని తల్లి కాళ్ళ దగ్గర చాప వేసుకుని పడుకుంది. మంచినీళ్ళు తప్ప నోట్లో ఏమీ వేసుకోలేదు. అయినా సుగర్ పెరుగుతూనే ఉంది. పొద్దువాలేసరికి వాంతి చేసుకుంది.

కనకమహాలక్ష్మి ఈసారి నావైపు చూసింది. ఫ్రిజ్‌లోంచి పెన్ను తెచ్చి డాక్టరమ్మకు ఫోన్ చేసింది. ముందు పెన్నుతో మందు ఇవ్వమని, తరువాత కొత్త పట్టీ వేయమని, పిల్లను వెంటనే తీసుకురమ్మని చెప్పింది డాక్టరమ్మ. ఇంజెక్షన్ అయ్యాక ప్రసూన తడిసిన లంగా మార్చుకుంటూ ఆగిపోయింది. బొందు దగ్గర ఆసుపత్రి వాసన. ఇన్సులిన్‌ది అదే వాసన. పట్టీ అంచు నూనెకు లేచి ఉంది, గొట్టం చర్మంలోంచి బయటికి వచ్చేసింది. నేను పొద్దున్నుంచి పంపిన మందంతా ఆ లంగా తాగింది.

"అమ్మా, ఇది వాసన చూడు."

ఇన్నాళ్ళూ వేళ్ళ వాసన చూసినామె బొందు వాసన చూసింది. తరువాత తన అరచేతులు చూసుకుంది. గోళ్ళ పక్కన నూనె ఇంకా మెరుస్తోంది.

"నా చేత్తోనే చేశానా," అంది.

"నీ చెయ్యేం చేసిందే, నువ్వుల నూనె చేసింది. పద, నాన్న బండి తీస్తున్నారు," అంది ప్రసూన నీరసంగా.

స్కూలు పిల్లలు జాగ్రత్త అని రాసి ఉన్న వ్యానులో ఆసుపత్రికి వెళ్ళారు. సెలైన్ ఎక్కించారు, కుదుటపడింది. డాక్టరమ్మ ఆ పట్టీని వెలుతురులో తిప్పి చూసి, నేనూ మిషను మాటే విన్నానమ్మా అంది. కనకమహాలక్ష్మి ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. ఇంటికి రాగానే బీరువా తెరిచి కాజాల డబ్బా వంటింటి గట్టు మీద పెట్టింది. ఆ వారమే హాస్టలుకు పరుపు కొనుక్కొచ్చింది.

కాకినాడలో నేనూ ఉన్నాను నడుము మీద, పెన్నూ ఉంది బ్యాగులో. కొన్నాళ్ళకు నా మోడలుకు పట్టీలు రావడం ఆగిపోయింది. ప్రసూన మళ్ళీ ఇంజెక్షన్లకు వెళ్ళింది. సుగర్ బాగానే ఉంచుకుంటోంది. పంపు మేలా, ఇంజెక్షన్ మేలా అని జూనియర్లు అడిగితే, ఏదైనా సరే, ఒంట్లోకి వెళ్ళిందో లేదో మీరే చూసుకోండి అంటుందట.

నేనిప్పుడు తణుకు ఇంట్లో, స్నానాలగది పక్క గూట్లో ఉన్నాను. బ్యాటరీ తీసేశారు. ప్రసూన సెలవులకు వచ్చిన ఆదివారం, పీట వేశాక, గుమ్మం అవతల మాటలు వినిపిస్తాయి.

"ఏదీ, ముందు పొట్ట చూడనీ."

"పట్టీ ఎక్కడుందమ్మా. తీసేసి ఎన్నాళ్ళయింది."

"అయినా," అంటుంది కనకమహాలక్ష్మి. చేత్తో తడిమి చూసుకున్నాకే నూనె గిన్నె దగ్గరికి లాక్కుంటుంది.